అత్త ఊపిరి

నర్సీపట్నంలో మా చర్చి క్వయర్‌కి పాట మొదలుపెట్టమని ఎవరూ చెయ్యి ఊపేవారు కాదు. ముందు వరసలో నిలబడే మా మేనత్త గట్టిగా ఊపిరి పీల్చేది. అది వినగానే అందరం ఎత్తుకునేవాళ్లం. తొంభైలలో బల్ల మీద టేప్‌రికార్డర్ పెట్టుకుని క్యాసెట్ చేసినప్పుడూ అంతే. ఎవరైనా దగ్గితే పాట మళ్లీ మొదటినుంచి పాడాల్సిందే.

కొన్నేళ్లకు మా సంఘంలోనే ఒకాయన ఊళ్లో కంప్యూటర్ స్టూడియో పెట్టాడు. ఒక్కొక్కరినీ విడిగా గదిలో నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి పాడించాడు. తప్పిన ముక్క ఒక్కటీ మళ్లీ పాడితే చాలు. ఆ సుఖం నాకు బాగానే నచ్చింది, అబద్ధమెందుకు.

సీడీ వచ్చిన ఆదివారం దాంతో కలిసి పాడదామని చర్చిలో లేచి నిలబడ్డాం. పాట మొదలైపోయింది. మేం మాత్రం ఇంకా ఆ ఊపిరి కోసమే చూస్తున్నాం.

"నాయిస్ మొత్తం తీసేసినానండీ, ఊపిరి సప్పుడు కూడా ఇనబడదు," అన్నాడు స్టూడియో ఆయన సంబరంగా.

"ఊపిరి తీసేస్తే పాటెలాగెత్తుకుంతారు బాబూ, సెప్పు?" అంది అత్త. అందరూ నవ్వారు. నాకు మాత్రం నాయిస్ అన్న మాటకే ఒళ్లు మండింది.

అత్త పోయాక ఆమెను తలుచుకోడానికి పెట్టిన ఆదరణ కూడికలో ఎవరో ఆ సీడీ పెట్టబోయారు. వద్దని కసిరి, పాత క్యాసెట్ పెట్టాను. కాసేపు గరగర వినిపించింది. తర్వాత అత్త గట్టిగా ఊపిరి పీల్చింది.

అందరం ఒక్కసారే ఎత్తుకున్నాం.