మృగశిర నాటి చేప

మా కార్డిఫ్ ఫ్లాట్‌లో అల్మరా పై అరనుంచి ఆ చెక్కపెట్టె దింపి మూత తీసినప్పుడల్లా ముందు నాఫ్తలీన్ ఉండల వాసన, దాని వెనకే తేనెమైనం వాసన వస్తాయి. లోపల కోడి మెడ ఈకలు, కౌజుపిట్ట ఈకలు, కుందేలు చెవి బొచ్చు, రంగు దారాలు, గింజంత గాలాలు. పురుగు పట్టకుండా ఏటా నేనే కొత్త ఉండలు వేస్తాను. మా వంశానికి ఒకప్పుడు గోదావరి పక్కన దివాణం ఉండేది, వాకిట్లో ఏనుగు ఉండేది. మా వంతుకు మిగిలినవి ఈ పెట్టె, గోడకు ఆనించిన ఒక వెదురు గాలపు కర్ర. వాటిని చూసి నవ్వినవాళ్లెవరో నాకు గుర్తుంది. వాళ్లను క్షమించాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఆ కర్ర మా ముత్తాతగారిది. వేసవిలో ఆయన పరివారంతో ఊటీ వెళ్లేవారు. అక్కడి చల్లని వాగుల్లో తెల్లదొరలు తెచ్చి వదిలిన ట్రౌట్ చేపల కోసం వాళ్ల పక్కనే నిలబడి ఈగ విసరడం నేర్చుకున్నారు. గాలానికి ఈకా బొచ్చూ చుట్టి, నీటి మీద వాలిన పురుగులా కనిపించేట్టు చేసిన బొమ్మనే ఈగ అంటారు. భూములు పోయాయి, దివాణం పోయింది, మనవడైన మా నాన్నకు ఆ విద్య మాత్రం పూర్తిగా అబ్బింది. 2008లో లండన్ దగ్గరి బ్రాక్‌నెల్‌లో ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయింది. అమ్మకు కార్డిఫ్ ఆసుపత్రిలో నర్సు పని దొరికి ఇక్కడికి మారేసరికి నాకు ఆరేళ్లు. కార్డిఫ్‌కు దగ్గర్లో అస్క్ నది ఒడ్డున ఎస్టేటున్న ఒక ముసలి దొరసానికి, చేపల కోసం వచ్చేవాళ్లను వెంటబెట్టుకు తిప్పే గైడు కావాలట. నాన్న వెళ్లి ఆవిడ పచ్చికలోనే నిలబడి, ఆవిడ చూపించిన డెయిజీ పువ్వు మీద దారం వాలేట్టు విసిరారు. ఆవిడ గేటు తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది.

ఉగాదికి తెలుగువాళ్లందరూ చేరే కమ్యూనిటీ హాల్లో మాకు జరిగే మర్యాద వేరు. పులిహోర ప్లేటు పట్టుకుని ఒక ఆంటీ అందరూ వినేలా అడిగింది: "ఏవండీ, అంత చదువు చదివి చేపలు పట్టుకుంటున్నారటగా? మావారితో చెప్పి ఏదైనా సపోర్టు జాబ్ చూపించమంటారా?"

"తమ దయ. సీజన్లో తీరికుండదండి," అన్నారు నాన్న, వెన్ను నిటారుగా పెట్టి.

ఆ సీజను ఎలాంటిదో ఆంటీకేం తెలుసు! చలికాలమంతా మా వంటింటి బల్ల అంచుకు చిన్న పట్టుకారు బిగించి నాన్న ఈగలు కడుతుంటే, తిరగమోత పొగతో మైనం వాసన కలిసిపోయేది. "నిన్న చారులో కౌజు ఈక వచ్చింది, రేపు కౌజే వస్తుంది కాబోలు," అని అమ్మ ఆసుపత్రి డ్యూటీల రోటా చూసుకుంటూ దెప్పేది. మార్చిలో, ఇంకా చలి వదలని నీళ్ల మీద గోధుమరంగు పురుగులు గుంపులుగా లేచే మధ్యాహ్నాల్లో, లండన్ నుంచి పెద్దమనుషులు దిగేవాళ్లు. వాళ్ల దారాల చిక్కులు తీసి, బురదలోంచి వాళ్లను లాగి, చేపను వాళ్ల చేతుల్లో పెట్టి నాన్న ఫోటోలు తీసేవారు. ఒక్క ఫోటోలోనూ ఆయన ఉండరు. ఆగస్టులో నీళ్లు తగ్గి ఎవరూ రాకపోతే ఒడ్డున దురదగొండి మొక్కలు నరికేవారు. అక్టోబరులో గేటుకు తాళం వేసి, నీళ్లలో దిగడానికి వేసుకునే, చంకలదాకా వచ్చే రబ్బరు లాగును మా బాత్‌టబ్‌లో కడిగేవారు. అమ్మకు డ్యూటీ ఉన్న శనివారాలన్నీ నేను ఆ ఒడ్డునే, తడి సాక్సులతో, ఆ నదిని తిట్టుకుంటూ గడిపాను. మా ఫ్లాట్ల వెనక కౌన్సిల్ మైదానంలో గడ్డి మీద నాకు విసరడం నేర్పుతుంటే సైకిళ్ల మీద పిల్లలు ఆగి, ఇక్కడ చేపలెక్కడున్నాయని అరిచి నవ్వేవాళ్లు. నాన్న వాళ్లవైపు తల కూడా తిప్పేవారు కాదు.

నాకు పదకొండేళ్లప్పుడు, జూన్ మొదట్లో, కరీంనగర్ నుంచి వచ్చి కార్డిఫ్‌లో ఐటీ పని చేసే శ్రీనివాస్ అంకుల్, ఇక్కడే పుట్టిన కొడుకు నిఖిల్‌ను తీసుకుని నది చూస్తానని వచ్చారు. నాన్నను ఆయన దొరా అనే పిలుస్తారు. ఆ పిలుపులో ఎప్పుడూ కొంచెం ఉప్పూ కారం ఉంటాయి. లేత పసుపు రెక్కల పురుగులు నీళ్లనిండా లేస్తున్నాయి. నాన్న పక్కన నిలబడి చెయ్యి పట్టి విసిరిస్తే, అంకుల్‌కు మూరెడు ట్రౌట్ పడింది.

"ఇది వదిలేయాలండి. ఎస్టేటు షరతు. చంపితే గైడుగా నన్ను ఉండనివ్వరు," అన్నారు నాన్న.

"ఏం దొరా, గింత మంచి చేపను మల్ల నీళ్లల్ల ఇడుస్తరా? మరి పట్టుడెందుకు? ఇయ్యాల మిర్గం! చేప తినకుంటె మా అమ్మ ఫోన్ల తిడ్తది."

మృగశిర కార్తె మొదలైన రోజు చేప తింటే వానాకాలపు జబ్బులు దగ్గరికి రావని వాళ్ల వైపు ఆచారం. నాన్న నవ్వి, వలలో ఉన్న చేపను నీళ్లలోనే ఉంచమని చెప్పి, చెట్టుకొమ్మకు చిక్కిన నా ఈగను తీయడానికి వచ్చారు. ఆ కాస్త సేపట్లో అంకుల్ రాయి తీసుకుని పని కానిచ్చేశారు. "డాడ్, యూ కాంట్!" అని నిఖిల్ అరిచేసరికి చేప క్యారియర్ బ్యాగులో ఉంది.

దొరసాని అప్పుడే కుక్కతో వస్తోంది. కుక్క తిన్నగా బ్యాగు దగ్గరికి వచ్చింది. నాన్న రెండంగల్లో వెళ్లి అంకుల్ చేతిలోంచి బ్యాగు తీసుకున్నారు.

"ఎవరిది?" అంది ఆవిడ, బ్యాగులోంచి కనిపిస్తున్న తోక చూసి.

"నాది, మేడమ్."

ఆవిడ చెయ్యి చాపింది. నాన్న గేటు తాళంచెవి ఆ చేతిలో పెట్టారు.

"అన్నా, తప్పు నాదని నేను చెప్త ఆమెకు," అన్నారు అంకుల్, ఆవిడ నాలుగడుగులు వేశాక.

"మీరు కార్లో కూర్చోండి. నా వెంట వచ్చినవాళ్లని ఇంకొకరు నిలబెట్టి అడగడం నాకిష్టం లేదండి."

అంకుల్ కూర్చున్నారు. వెంటనే కూర్చున్నారు.

ఆ సాయంత్రం అమ్మ ఆ చేపను చింతపండు వేసి పులుసు పెట్టింది. ఆ నది చేపను అంతకుముందెన్నడూ నోట పెట్టని నాన్న ముక్కలన్నీ తిని, "ముళ్లు తక్కువే," అని చేయి కడుక్కున్నారు. నేను పెరుగన్నం తిన్నాను.

ఇప్పుడు నాన్న గిడ్డంగిలో రాత్రి షిఫ్టు చేస్తారు. టికెట్ కొనుక్కుంటే వేరే నీళ్లలో చేపలు పట్టుకోవచ్చు, కానీ ఆయన ఏ గేటు ముందూ వరసలో నిలబడరు. దొరసాని పోయింది, ఎస్టేటు చేతులు మారింది, మార్చి పురుగులు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే లేస్తున్నాయని అక్కడివాళ్లంటున్నారు. ఆయన మాత్రం ప్రతి చలికాలం బల్ల అంచుకు పట్టుకారు బిగించి ఈగలు కడుతూనే ఉన్నారు.

నిన్న అంకుల్ నాకు మెసేజ్ పెట్టారు. నిఖిల్‌కు ఈగ విసరడం నేర్చుకోవాలని ఉందట, దొరను అడగమ్మా అని. చదివి వినిపిస్తే నాన్న దారం తెంపకుండానే అన్నారు: "రమ్మని చెప్పు. నేర్పడానికి నదెందుకు, గడ్డి చాలు."

పెట్టెలో కొత్త ఉండలు వేసి మూత వేశాను. అంకుల్‌కు ఇంకా జవాబివ్వలేదు. ఇవ్వను.