మూడు పొట్లాల ఇసుక

నా చిన్నప్పుడు మా దివిసీమలో ఎంత తవ్వినా రాయి తగిలేది కాదు. కృష్ణమ్మ తెచ్చిపోసిన మట్టి, దాని కింద ఇసుక, దాని కింద మళ్ళీ మట్టి. అలాంటి ఊళ్ళో మా సైన్సు మాస్టారు సోమవారానికల్లా మూడు ఖనిజాలు, పేర్లు రాసి మరీ పట్టుకురమ్మన్నారు. పుస్తకంలో ఉన్నవి అభ్రకం, స్ఫటికం, సున్నపురాయి. వాటికోసం నేను పది ఊళ్ళు గాలించాను. పది కాదు లెండి, రెండు. అందులో రెండోది మా మేనత్తగారి ఊరు, వెళ్ళింది గారెల కోసం. దొరికినవల్లా ఇటిక ముక్కలే. ఒళ్ళు మండిపోయింది.

అదే వారం మా పెరట్లో చేతిబోరు వేస్తున్నారు. అది మూడోది. మొదటి రెండింట్లోనూ ఉప్పునీళ్ళే పడ్డాయి. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు. ఎండలు ముదిరి కాలువలు కట్టేయడంతో మా అమ్మ పక్కూరి దాకా వెళ్ళి రోజూ బిందెలు మోసుకొచ్చేది. ఈసారీ ఉప్పే తేలితే ఇక బోరు మాట ఎత్తవద్దని మా నాన్నగారు తేల్చి చెప్పేశారు.

బోరు వేసే ఆయన్ని పిల్లలమంతా మావయ్యా అనేవాళ్ళం. గొట్టం ఒక బార, అంటే రెండు చేతులూ చాపినంత, దిగగానే పైకొచ్చిన మట్టిని పిడికెడు తీసి అరుగు మీద కుప్ప పెట్టేవాడు. బారకొక కుప్ప, వరసగా. ఆఖర్న వాటిని నాలుక కొసకి తాకించి చూసి, మంచినీళ్ళు ఏ లోతులో ఉన్నాయో తేల్చి, నీళ్ళు లాగే ఫిల్టరు గొట్టం అక్కడికి దించేవాడు.

ఆ కుప్పల్లో మూడింట్లో ఇసుక తళుక్కుమంటోంది. ఇంకేం, ఖనిజాలే అనుకున్నాను. మావయ్య భోజనానికి వెళ్ళగానే మూడూ ఊడ్చి పొట్లాలు కట్టాను. ఒకదాని మీద అభ్రకం అని, ఒకదాని మీద స్ఫటికం అని రాశాను. మూడోది దేనిలాగా లేకపోయినా సున్నపురాయి అని రాసేశాను. ఖాళీ అయిన చోట్ల అమ్మ వేరుశనక్కాయలు వేయించుకునే ఇసుక పోశాను.

మావయ్య వచ్చి, ఒక్కో కుప్పా రుచి చూస్తూ ఒకచోట ఆగిపోయాడు.

"అక్కా, మీ పెరట్లో ఏడు బారల కింద ఎవరో వేరుశనక్కాయలు వేయిస్తున్నట్టున్నారు" అన్నాడు.

అమ్మకి అర్థం కాలేదు. ఆయన నా మొహం చూశాడు. నేను పొట్లాలు తెచ్చి ముందు పెట్టాను.

"పేర్లు బ్రహ్మాండంగా రాశావల్లుడూ. ఏది ఏ బారదో రాశావా?"

రాయలేదు. మూడూ రుచి చూశాడు. ఒకటి తియ్యగా ఉంది, మిగతావి ఉప్పు. ఆ తియ్యనిది ఏ లోతుదో చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే. ఎంత తల బద్దలుకొట్టుకున్నా నాకు గుర్తు రాలేదు. ఇక మళ్ళీ మొదట్నించీ దించి చూసుకోవాల్సిందే.

సాయంత్రం నాన్నగారు రాగానే మావయ్య, "గొట్టం వంకరపోయిందండీ, పక్కన ఇంకోటి దించాలి" అన్నాడు.

"ఇన్నేళ్ళనుంచి వేస్తున్నావు, వంకరపోవడమేంటయ్యా? కళ్ళెక్కడ పెట్టుకున్నావు?" అని నాన్నగారు కూలీలందరి ముందూ కడిగేశారు. మావయ్య తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. నా వైపు చూడనైనా చూడలేదు. నేనూ నోరు విప్పలేదు.

ఇంకో రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అమ్మ వెనకాల చిన్న బిందె మోశాను. మిగతా పొద్దంతా కుప్పల దగ్గర కాపలా. ప్రతి కుప్ప పక్కనా ఎన్నో బారో చీటీ మీద నాచేతే రాయించాడు మావయ్య. మూడో రోజున మా ఇంటి నీళ్ళతో మా ఇంట్లో పప్పు ఉడికింది.

మంచినీళ్ళ లోతు నా నాలుకతో నేనే కనిపెట్టానని మనవలకి చెబుతుంటాను. అబద్ధం. మాస్టారు నా పొట్లాలు చూసి మెచ్చుకున్నారంటాను. అదీ అబద్ధమే, "మట్టి తెచ్చావేంట్రా" అని పారబోయించారు. నాన్నగారికి మాత్రం నిజం చెప్పలేకపోయాను. పోయేదాకా ఆయన మావయ్యని 'వంకర గొట్టం మేస్త్రి' అనే అన్నారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు మిషను బోర్లవాళ్ళు ఏ లోతు మట్టినైనా ఒకే గుట్టగా పోసేస్తుంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇంట్లో అలమరలోంచి ఏది తీసినా, ఖాళీ అయిన చోట ఎడమచేతి వేలు పెట్టి ఉంచుతాను. చాదస్తమని మా ఆవిడ విసుక్కుంటుంది. విసుక్కోనీ, తిరిగి పెట్టేదాకా ఆ వేలు తీయను.