తమాదా తురుస్‌బెక్ ఊపిరికి కాపలా

నారిన్ పట్టణంలో పెళ్లి కుదిరిందంటే ముందు గొర్రెలను కాదు, తురుస్‌బెక్‌ను మాట్లాడుకునేవాళ్లు. పెళ్లి విందులు నడిపించే తమాదా ఆయన. ఎవరు ముందు గ్లాసెత్తి దీవించాలో, ఎవరి దీవెనను మర్యాదగా మధ్యలో తుంచాలో, ఏ వియ్యపురాలి మూతి ఎందుకు ముడుచుకుందో, ఏ పాట పెట్టిస్తే ఆ ముడి వీడుతుందో అన్నీ ఆయనకు కొట్టిన పిండి. తమాదా పని తమాషా కాదు. అరవైకి దగ్గరపడ్డ ఆ ఎద్దుమెడ మనిషి, గుబురు మీసం కింది నుంచి ఒక్క మాట వదిలితే హాలు హాలంతా ఊగిపోయేది.

అంతటివాడి పరువు ఒక శరదృతువు పెళ్లిలో గంగపాలు, కాదు, నారిన్ ఏటిపాలు అయింది.

ఆ రోజు పెళ్లికొడుకు మేనమామ, రిటైరైన పశువుల డాక్టరు, దీవించడానికి లేచాడు. వంశవృక్షంతో మొదలుపెట్టి గాలికుంటు వ్యాధి దాకా వచ్చాడు. తురుస్‌బెక్ మైకు పట్టుకుని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు మూతపడ్డాయి. ఉన్నట్టుండి స్పీకర్లలోంచి ఘర్రుమని చప్పుడు. బయట లారీ వెనక్కి వస్తోందనుకుని పిల్లలు కిటికీల దగ్గరకు పరుగెత్తారు. అంతలో చప్పుడు ఆగిపోయింది. అందరి కళ్లూ తమాదా మీదే.

"పోయాడా ఏంటి?" అంది పెళ్లికూతురి బామ్మ, చెవిటిది కాబట్టి గట్టిగానే.

అప్పుడే గురక రెట్టింపు బలంతో మళ్లీ అందుకుంది. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. మేనమామ మాత్రం గ్లాసు దించి, "గుర్రాలు కూడా నా మాట శ్రద్ధగా వినేవి" అని కూర్చున్నాడు.

తెల్లారేసరికి, ఎవరో తీసిన ఆ వీడియో లేని ఫోను ఊళ్లో లేదు. ఆయనతో ఎప్పుడూ పోటీపడే మంబెతాలి తన గోడ ప్రకటనలో ఒక మాట చేర్చుకున్నాడు: 'మెలకువగా ఉండే తమాదా'.

ఇంట్లో భార్య బురుల్‌కు ఇదేమీ వింత కాదు. గుర్రపు పాలు చిలికే పొడుగాటి కర్ర గరిటె ఆమె తలాపున ఎప్పుడూ ఉండేది. మొగుడి గురక ఆగి, ఊపిరీ ఆగితే, డొక్కలో ఒక్క పోటు. ఉలిక్కిపడి ఊపిరి తీసేవాడు. పొద్దున్నే డొక్క నొప్పనేవాడు. "చలి పట్టింది" అనేది ఆమె.

పరువు పోయిందని తెలిసి మేనల్లుడు ఉలుక్‌బెక్ పరుగెత్తుకొచ్చాడు. బజార్లో పాత ఫోన్లు అమ్ముతాడు. లోకంలో ఏ వస్తువైనా ఎక్కడో ఒకచోట వాడేసినది దొరుకుతుందని అతని నమ్మకం.

"ఇదిగో మావయ్యా, ఊపిరి మిషను. ముక్కుకి తగిలించుకుంటే గాలి ఊదుతూనే ఉంటుంది. గురక రమ్మన్నా రాదు."

నిజమే, రాలేదు. తురుస్‌బెక్ ఉదయం మీసం దువ్వుకుంటూ, "ఏం ముసలీ, వినపడిందా?" అన్నాడు గర్వంగా.

బురుల్ కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గురకా లేదు, ఊపిరీ లేదు! గురక పెడితే బతికున్నావని తెలిసి చచ్చేది. రాత్రంతా నీ ముక్కు దగ్గర అద్దం పెట్టుకు కూర్చున్నాను. పద, బిష్కేక్ పోదాం."

"రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నానే!"

"పిలిచినవాళ్లు మంబెతాలికి మారిపోయారు. పద."

రాజధానిలో నిద్ర జబ్బులు చూసే డాక్టరు నుర్జాత్ అనే సన్నటి మనిషి. తురుస్‌బెక్ తలకీ ఛాతీకీ తీగలు అతికించి ఒక రాత్రి పడుకోబెట్టింది. మర్నాడు గీతల కాగితాలు ముందేసుకుని, పెద్దన్నను పిలిచినట్టు బైకే అని పిలిచి చెప్పింది.

"బైకే, మీలో రెండు జబ్బులు కలిసి కాపురం చేస్తున్నాయి. ఒకటి గొంతు మూసుకుపోవడం. రెండోది, గొంతు తెరిచే ఉన్నా, ఊపిరి తియ్యమని చెప్పడం మెదడు మర్చిపోవడం. మీ మేనల్లుడి మిషను తలుపు తీసింది. లోపలివాడు బయటికి రాకపోతే తలుపు తీసి ఏం లాభం? పైగా కొందరికి ఆ గాలికే మరుపు ఇంకా పెరుగుతుంది. మీ ఊరు ఎత్తులో ఉంది, గాలి పలచన. అదీ తోడైంది. కిందికి వచ్చి ఉండగలరా?"

"ఇక్కడ పెళ్లిళ్లలో జనం వాచీలు చూసుకుంటారు డాక్టరమ్మా. నేను బతకలేను."

"నాన్న నవ్వించిన ఊరు వదలడు" అని బురుల్ తేల్చేసింది. పిల్లల తండ్రి కాబట్టి, పరాయివాళ్ల ముందు ఆమెకు ఆయన నాన్నే.

"అయితే ఊపిరి ఆగినప్పుడు తనంతట తాను అందించే రకం కావాలి" అంది నుర్జాత్. "అందులోనూ రెండున్నాయి. ఒకటి, మీరు ఆలస్యం చేస్తే తన లెక్క ప్రకారం గాలి నెడుతుంది. ఇంకోటి, ప్రతి ఊపిరినీ గమనిస్తూ, తగ్గితే తగ్గినంత కలుపుతుంది, బాగుంటే ఊరుకుంటుంది. కానీ గుండె కొట్టే బలం తగ్గినవాళ్లకి ఆ రెండోది ఇవ్వకూడదు. ముందు గుండె చూడాలి."

గుండె పరీక్ష గదిలో ఛాతీ మీద చల్లటి జిగురు రాస్తుంటే తురుస్‌బెక్ తెరకేసి చూస్తూ, "బాగా ఆడవే తల్లీ, నీకోసం గ్లాసెత్తుతాను" అని తన గుండెనే బతిమాలాడు. అది మాట దక్కించింది. గుండె గట్టిదే. గ్లాసులు మాత్రం పడుకునే ముందు వద్దని డాక్టరు కట్టడి చేసింది.

తర్వాత అక్కడే రెండు మిషన్లనూ ఒక్కో రాత్రి తగిలించి చూశారు. మొదటిదానితో ఆయన పొద్దున్నే చిటపటలాడుతూ లేచాడు. "నేను ఊపిరి వదులుతుంటే అది తియ్యమంటుంది! అతిథి ముద్ద నోట్లో పెట్టుకున్నాడో లేదో చూడకుండా గ్లాసెత్తమనే మంబెతాలి లాంటిది." రెండోదానితో నిద్ర లేచి, మంచం దిగి, కిటికీ దగ్గరకెళ్లి చాలాసేపు చెట్లకేసి చూశాడు. బురుల్ భయపడింది.

"ఏమైంది?"

"ఏం కాలేదు. తల తేలిగ్గా ఉంది. ఇలా ఉంటుందని మర్చిపోయాను."

ఆమె ముఖం తిప్పుకుని సంచి సర్దడం మొదలెట్టింది, సర్దడానికి అందులో ఏమీ లేకపోయినా.

కొనడానికి వెళ్లిన దుకాణంలో కుర్ర అమ్మకందారు తళతళలాడే ఇంకో మిషను చూపించాడు.

"ఇది తీసుకోండి ఎజె, కొత్త మోడలు" అన్నాడు, బురుల్‌ను అక్కా అని పిలుస్తూ.

"ఊపిరి మర్చిపోతే గుర్తుచేస్తుందా?"

"స్క్రీను రంగుల్లో ఉంటుంది."

"నిద్రపోయేవాడికి రంగులెందుకు నాయనా? డాక్టరు రాసిచ్చింది తియ్యి."

అది దొరికింది. కానీ ముక్కూ నోరూ కప్పే తొడుగు పెట్టగానే మీసం రెండు వైపులా గాలి కారి, కొండ ఎలుక ఈల వేసినట్టు కుయ్‌మంది. బురుల్ దుకాణం వాడిని కత్తెర అడిగింది.

"మీసం మీద చెయ్యేస్తే ఖబడ్దార్! నా గిరాకీ సగం దీని వల్లే!"

"మిగతా సగం ఊపిరి వల్ల. ఏది కావాలో నువ్వే చెప్పు ముసలోడా."

చివరికి దుకాణం వాడే రాజీ చేశాడు. ముక్కుపుటాల దగ్గర మాత్రమే ఆనే చిన్న తొడుగు తెచ్చాడు. దానికి మీసం అంచులు కొంచెం తగ్గిస్తే చాలట. మిషను డబ్బుకు గుర్రం అమ్మాల్సొచ్చింది. ఉన్న రెండిట్లో ఏది అమ్మాలంటే, "గురక పెట్టని దాన్ని ఉంచుకుందాం" అంది బురుల్.

కొన్నాళ్లకు నుర్జాత్ చెప్పినట్టు మిషనులోని లెక్కలు పంపించారు. పైన ఊళ్లోనూ ఊపిరి దారిలో పడిందని జవాబు వచ్చింది. తురుస్‌బెక్ ముఖంలో నలుపు విరిగింది. వసంతంలో ఎవరో ధైర్యం చేసి పెళ్లికి పిలిచారు. తురుస్‌బెక్ మైకు తీసుకుని, "ముందుగా ఒక మాట. ఈ రోజు నేను నిద్రపోను, మీరెవరైనా పోతే లేపుతాను" అన్నాడు. తనను తానే ఆటపట్టించుకునేవాడిని ఇంకెవరు ఆటపట్టిస్తారు? అదే వారంలో మంబెతాలి భార్య చాటుగా బురుల్ దగ్గరకొచ్చి, డాక్టరు ఫోను నంబరు రాయించుకుపోయింది. ఎవరికని ఈమె అడగలేదు, ఆమె చెప్పలేదు. ఊళ్లో మాత్రం ఆ సాయంత్రానికే అందరికీ తెలిసిపోయింది. ఎలా తెలిసిందో బురుల్‌నే అడగాలి.

అన్నీ బాగుపడ్డాయి, ఒక్కటి తప్ప. లోతైన నిద్ర దొరికేసరికి తురుస్‌బెక్‌కు కలలు రావడం మొదలైంది. వచ్చిన కలను వచ్చినట్టు, పాలు కలిపిన టీ ముందు కూర్చుని, తమాదా గొంతుతో, మొదటి నుంచి చివరి దాకా చెప్పందే ఊరుకోడు.

"...అప్పుడు ఆ ఎర్ర గుర్రం నాతో అంది కదా..."

"ముసలోడా, ఇన్నాళ్లూ నా రాత్రులు తిన్నావు, ఇప్పుడు పగళ్లు కూడానా? టీ చల్లారిపోతోంది, తాగు."

"తాగుతా, తాగుతా. గుర్రం ఏమందో విను ముందు."

బురుల్ విసుక్కుంటూనే బూర్సోకులనే వేయించిన పిండి ముక్కల పళ్లెం ఆయన ముందుకు జరిపి, వినడానికి కూర్చుంది.