కుర్చీని సాగనంపిన శుక్రవారం

మా హైస్కూల్లో పనిచేస్తున్న మనిషిని ఎవరూ మెచ్చుకోరు. పోయేటప్పుడు మాత్రం అందరూ కలిసి ఒకేసారి మెచ్చుకుంటారు. ఉద్యోగం అయిపోయిన మాస్టారికి చేమంతి దండ వేసి, నరసరావుపేట బజారు నుంచి ఫొటోగ్రాఫరును పిలిపించి, ఆయన ఇన్నాళ్లూ కూర్చున్న కుర్చీని పిల్లల చేత మోయించి, ముందు డప్పు కొట్టిస్తూ ఇంటిదాకా సాగనంపుతారు. ఆయన కుర్చీ వెనకాల నడవాలి. తిరిగి బడివైపు చూడకూడదు. ఈ ఆచారం ఎవరు మొదలుపెట్టారని చేరిన కొత్తలో అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. వడ్రంగి అయ్యుంటాడని నా అనుమానం.

అప్పటికి నేను చేరి ఏడాది కాలేదు. యుద్ధం నడుస్తోంది. పనికొచ్చే కుర్రాళ్లంతా మిలిటరీలో చేరిపోవటంతో నాకు కూడా ఉద్యోగం దొరికింది. చిన్న క్లాసులకు ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మిషను కాంపౌండులో లెక్కల మాస్టారి ఇంటి వసారా గదిలో ఉండి, వాళ్లింట్లోనే తినేవాణ్ణి. బళ్లో ఆయన మాస్టారు, ఇంటికొస్తే బాబాయి. ఆవిడ పిన్ని. వాళ్లకు పిల్లల్లేరు, పొలం లేదు, సొంత కొంప లేదు. ఆ ఇల్లు ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోద్ది.

బాబాయికి వయసు నిండటానికి వచ్చింది. ఇంకో రెండేళ్లు ఉండనివ్వమని ఎండాకాలం సెలవులు అయిపోగానే కొత్త హెడ్మాస్టరుగారిని అడిగాడు. ఆయన "చూద్దాం లెండి" అన్నారు. ఆ ఇల్లు ఆ మాట మీదే నిలబడి ఉంది. సాయంత్రం ఆయన గడప ఎక్కగానే పిన్ని ఆయన ముఖం వంక చూసేది.

"ఇంకా చూస్తున్నారే" అనేవాడు బాబాయి, చెప్పులు విడుస్తూ.

"అన్నాళ్లు చూడాలంటే కళ్లజోడు కావాల బాబాయ్. మీదిచ్చి రండి" అన్నాను ఒకసారి. పిన్ని నవ్వింది. ఆయన నవ్వలేదు. లెక్కల మాస్టారికి నవ్వకపోవటం తప్పు కాదు.

హెడ్మాస్టరుగారు గోదావరి వైపు మనిషి. మెత్తగా మాట్లాడతారు, మెత్తగా నడుస్తారు, తలుపు కూడా మెత్తగా వేస్తారు. అంత మెత్తటి మనిషికి ఒక మంచి ఆలోచన వచ్చింది. బాగా పనిచేసే మాస్టారిని ఏటా ఒకరిని ఎంచి అందరి ముందూ సత్కరించాలని. ముందే చెబితే ముచ్చట ఏముంటుందని ఎవరికీ చెప్పలేదు. బహుమతుల సభ రోజు పొద్దున అటెండరును పిలిచి దండ ఒకటి, ఫొటోగ్రాఫరు ఒకడు కావాలన్నారు.

"ఎవరికండీ?" అన్నాడు అటెండరు.

"లెక్కల మాస్టారికి."

ఆ బళ్లో ఎంతోమంది మాస్టర్లను సాగనంపిన అటెండరు అతను. ఇంక ఏమీ అడగలేదు. దండతో పాటు రావాల్సినవన్నీ తనే చూసుకున్నాడు.

సభలో హెడ్మాస్టరుగారు చానాసేపు మాట్లాడారు. ఈ బడికి మూలస్తంభం అన్నారు. ఒక్కరోజు ఆలస్యంగా వచ్చి ఎరుగరన్నారు. ఎన్ని తరాలకో లెక్కలు నేర్పిన చేయి అన్నారు. ఒక్క ముక్కా అబద్ధం కాదు. అందుకే ఆయన్ని పంపించేస్తున్నారని మాకందరికీ అనుమానం గట్టిపడింది. తర్వాత దండ వేశారు. నేను బాబాయి పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన ముఖం పలక తుడిచినట్టయింది. ఏడుపు లేదు, కోపం లేదు, రాసింది చెరిగిపోయిందంతే. ఫొటోగ్రాఫరు కొంచెం నవ్వమంటే నవ్వాడు. చాలనేదాకా నవ్వాడు.

అంతలో బయట డప్పు మోగింది. పెద్ద క్లాసు పిల్లలు బాబాయి కుర్చీని భుజాల మీద పెట్టుకుని వచ్చారు. హెడ్మాస్టరుగారు అదంతా పల్నాటి వాళ్ల సంబరం అనుకుని చప్పట్లు కొట్టారు.

"బావుందండీ మీ వైపు పద్ధతి" అన్నారు నాతో.

మనిషిని పంపిస్తూ బావుందంటున్నాడు, మెత్తగా కనిపిస్తాడుగానీ గట్టివాడే అనుకున్నాను.

బజారులో కుర్చీ ముందు, బాబాయి వెనక, ఆయన వెనక మేము. ఆ కుర్చీకి పెళ్లయి అత్తారింటికి పోతున్నట్టుందని డ్రాయింగు మాస్టారి చెవిలో అన్నాను. ఆయన నా వంక చూసి ముక్కు చీదుకున్నాడు. కిరాణా కొట్టు శెట్టిగారు గల్లా దగ్గర్నుంచి లేచి బయటికొచ్చాడు.

"అయిపోయిందా మాస్టారూ?"

"అయిపోయిందండీ."

"మంచిది, మంచిది" అన్నాడు శెట్టిగారు. ఏది మంచిదో ఆయనకే తెలియాలి.

డప్పు విని పిన్ని వాకిట్లోకి వచ్చి నిలబడింది. కుర్చీని చూసింది, దండను చూసింది. పిల్లలందరికీ మజ్జిగ పోసింది. వాళ్లు వెళ్లాక అడిగింది.

"ఎన్నాళ్లలో ఖాళీ చెయ్యమన్నారు?"

"అడగలేదే."

"అడగాల్సింది."

అంతే. నాలుగు గోడల మధ్య కుర్చీ ఒకటే కొత్త చుట్టంలా కూర్చుని ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు. పిన్ని దండను దాని వీపుకు తగిలించి అన్నం వడ్డించింది. ముగ్గురం తిన్నాం. చారులో ఉప్పు పడలేదని నాకు సగం తిన్నాక తెలిసింది. వాళ్లిద్దరికీ తెలిసినట్టు లేదు.

నూజెండ్లలో పిన్ని తమ్ముడున్నాడు. వినుకొండ రైల్లో పోయే మనిషి చేత ఆ సాయంత్రమే అతనికి కబురు పంపారు. ఆదివారం మిషను గుళ్లో అయ్యగారు బాబాయి శేషజీవితం కోసం ప్రార్థన చేశారు. ప్రార్థన పొడుగ్గా ఉంది, మిగిలిన జీవితం పొట్టిగా వినబడింది. బాబాయి అందరితో పాటు ఆమెన్ అన్నాడు. మధ్యాహ్నం సైన్సు మాస్టారి భార్య ఓదార్చటానికి వచ్చి, ఓదారుస్తూనే నా వసారా గదిలోకి తొంగి చూసింది.

"ఈ ఇల్లు మాకొస్తే మా అత్త మంచం ఇక్కడ పడుతుందేమో" అంది. తర్వాత నన్ను చూసి, "నువ్వెక్కడికి పోతావ్ తమ్ముడూ?"

"కుర్చీ ఎక్కడికి పోతే అక్కడికే అక్కా."

"నీకన్నీ ఎగతాళే" అంటూ కిటికీ రెక్క వేసి తీసి చూసుకుంది.

సోమవారం తెల్లారేసరికి పిన్ని తమ్ముడు బండి కట్టుకుని వచ్చాడు. నేను బడికి పోయాను. మొదటి గంటలో లెక్కల క్లాసు గోలగా ఉందని హెడ్మాస్టరుగారు వచ్చి చూశారు. మాస్టారు లేడు, కుర్చీ లేదు. నన్ను తన గదికి పిలిపించారు.

"మాస్టారికి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండీ. సామాను కడుతున్నారు."

"సామానేంటి?"

"మీరు దండ వేశారు గదండీ."

"వేశాను. మెచ్చుకుని వేశాను!"

"ఇక్కడ అది పోయేవాళ్లకే వేస్తారండీ. కుర్చీని కూడా మీ కళ్లముందే పంపించేశాం. మీరు చప్పట్లు కొట్టారు."

హెడ్మాస్టరుగారు లేచి నిలబడ్డారు. "అయ్యబాబోయ్! ఆయనకి రెండేళ్లు పొడిగించమని పైవాళ్లకి రాశానండీ. సరేనన్నారు కూడా. సత్కారం రోజునే అదీ చెప్పేస్తే సత్కారం చిన్నబోతుందని, ఇవాళ చెబుదామని అట్టేపెట్టాను!"

అంత బాధలోనూ ఆయన తలుపు మెత్తగానే వేశారు.

మేము వెళ్లేసరికి బండి సగం నిండింది. మంచాలు కట్టేశారు. పొయ్యి ఉన్న చోట నల్లటి మచ్చ మిగిలింది. హెడ్మాస్టరుగారు వాకిట్లోనే నిలబడి అంతా చెప్పారు, రెండుసార్లు చెప్పారు, చేతులు పట్టుకున్నారు. బాబాయి విన్నాడు.

"అట్టాగాండీ" అన్నాడు.

ఎగిరి గంతేస్తాడనుకున్నాను. ఎగిరే వయసు కాదు, కనీసం కూర్చుంటాడనుకున్నాను. కూర్చోటానికి ఏమీ విప్పి లేదు. ఆయన పిన్ని వంక చూశాడు. పిన్ని బండి వంక చూసింది.

"మంచాలు గట్టిగా కట్టాం. విప్పటానికి పొద్దుపోద్ది" అంది.

"ఏందక్కా ఇది, దించమంటావా ఎక్కించమంటావా?" అన్నాడు తమ్ముడు.

"దించరా."

దించాం. ఎవరూ సంతోషం అనే మాట ఎత్తలేదు. శుక్రవారం నుంచి ఏడవని మనుషులకు సోమవారం నవ్వమంటే ఎట్టా వస్తుంది.

కుర్చీని మళ్లీ బడికి తీసుకుపొమ్మంటే అటెండరు ఒప్పుకోలేదు. సాగనంపిన కుర్చీ తిరిగి బడిమెట్లెక్కటం ఏందయ్యా, అట్టాంటిది తనెప్పుడూ చూడలేదు, ముట్టుకోనన్నాడు. మర్నాడు నేనే నెత్తిన పెట్టుకున్నాను. డప్పు లేదు. బాబాయి వెనక నడిచాడు. శెట్టిగారు మళ్లీ బయటికొచ్చాడు.

"ఏంది మాస్టారూ, మళ్లీ ఏమైంది?"

"ఏం కాలేదండీ" అన్నాడు బాబాయి.

కుర్చీని పాత చోటనే పెట్టాను. ఆయన కండువాతో దుమ్ము దులిపి, బోర్డు దగ్గరికి పోయి లెక్క మొదలుపెట్టాడు. ఆ గంటంతా నిలబడే చెప్పాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఇచ్చిన రెండేళ్లలో ఆ కుర్చీలో ఆయన కూర్చోగా నేను చూడలేదు. కాళ్లు వాచేవి. పిన్ని సాయంత్రం వేణ్ణీళ్లు కాచేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"కూర్చోవచ్చు గద బాబాయ్. అది మీదే."

"నాదేరా. ఇంటికి పంపిచ్చారు గదా" అన్నాడు.

ఆ ఏడాది నుంచి సత్కారం అంటే మాస్టర్లు సెలవు చీటీలు రాసేవాళ్లు. హెడ్మాస్టరుగారు రెండోసారి ఎవరినీ ఎంచలేదు.

గడువు తీరింది. హెడ్మాస్టరుగారు సిగ్గుపడుతూ దండ సంగతి ఎత్తారు. "అయిపోయింది గదండీ, ఒకసారి" అన్నాడు బాబాయి. ఆఖరి రోజు లెక్క పూర్తి చేసి, బోర్డు తుడిచి, కుర్చీని ఉన్నచోటే ఉంచి ఇంటికొచ్చాడు. పిన్ని మంచాలు ముందే కట్టించింది. ఈసారి ఎన్నాళ్లలో అని అడగలేదు.

బడి గేటుదాకా బండితో నడిచాను. అక్కడ బాబాయి బండి ఆపించి, దిగి, తిరిగి బడివైపు చూశాడు. దండ లేదు, డప్పు లేదు, చూడకూడదని చెప్పేవాళ్లు లేరు. చానాసేపు చూశాడు. ఎడ్లు మెడలు ఆడించాయి.

"ఇంకేం చూస్తారు, ఎక్కి కూర్చోండి" అంది పిన్ని.

ఆయన ఎక్కి పరుపుచుట్ట మీద కూర్చున్నాడు.