ఒట్టు వేయించే వకీలు

మహబూబ్‌నగర్ కోర్టులో వ్యాపార తగాదా అంటే బాలస్వామి వకీలే. ఆయన కూలి జానయ్య కొడుకు. మిషన్ బడిలో చదివి, హైదరాబాదులో లా పూర్తిచేసి వచ్చేసరికి కోర్టులో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. పాత వకీళ్లు తడబడుతుంటే మిల్లుల కేసులన్నీ ఈయన దగ్గరికి వచ్చి పడ్డాయి. మొదట్లో ముఖం తిప్పుకున్న షావుకార్లే తర్వాత ఆయన అరుగు మీద కాచుకు కూర్చున్నారు. గుమాస్తాను నేను. ఆ అరుగు చూసి ఆయనకంటే నేనే ఎక్కువ మురిసిపోయేవాణ్ణి.

మా వైపు వ్యాపారమంతా నోటిమాట మీదే. కాగితం అడిగితే నమ్మలేదని అలుగుతారు. అందుకని ఆయన ఒక కిటుకు పట్టారు. ఎదుటివాడు ఆలంపూర్ జోగులాంబ ముందు తడిబట్టలతో ప్రమాణం చేస్తే మా దావా వదులుకుంటామని కోర్టులో చెప్పేవారు. అంటే, అబద్ధమాడితే సంతానం దక్కదని పిల్లల మీద ఒట్టు. తప్పు చేసినవాడెవడూ తుంగభద్రలో మునగడానికి రాలేదు, రాజీకి వచ్చాడు. ఏసుప్రభువును నమ్మినాయన అమ్మవారి పేరు చెప్పి గెలుస్తున్నాడని ఊరు నవ్వేది. ఆయనా నవ్వేవారు.

అరవై రెండులో నర్సింగమ్మ వచ్చింది. ఆమె భర్త మైసయ్య, కాటమయ్య కలిసి మక్తల్‌లో పల్లీనూనె మిల్లు పెట్టారు. మైసయ్య పోగానే, "ఆనికి వాటా యాడిది? నా దగ్గర జీతానికుండె" అన్నాడు కాటమయ్య. ఆమె మక్తల్ విడిచి దేవరకొండ దగ్గర పుట్టింట్లో తలదాచుకుంది. ఆ సగం మిల్లు తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు.

వకీలుగారు ఎప్పటి మందే వేశారు. ఆమె చేత కోర్టులో సరేననిపించారు.

"ఫికర్ చెయ్యకమ్మా. ఆడు రాడు."

కాటమయ్య వచ్చాడు. నదిలో మునిగాడు. నీళ్లోడుతున్న ధోవతితో అమ్మవారి ఎదుట నిలబడ్డాడు. కోర్టు పంపిన కమీషనర్ వింటుండగా, "మిల్లుల మైసయ్యకు వాటా లేదు. అబద్ధమైతే నా ఇంట్ల దీపం పెట్టెటోళ్లు ఉండొద్దు" అన్నాడు. గొంతు వణకలేదు. చట్టప్రకారం దావా అక్కడితో సరి.

బయట మెట్ల దగ్గర ఆయన కాటమయ్యను ఆపారు.

"గిట్లెట్ల చేసినవ్ కాటమయ్యా? పిలగాని మీద భయం లేదా?"

కాటమయ్య ధోవతి అంచు పిండుకుంటున్నాడు.

"ఉన్న ఒక్క పోరడు మొన్న ఎండాకాలంల వాంతులు, బేదులయి పోయిండు వకీల్‌సాబ్. ఇంక నా దగ్గర అమ్మ ఏం తీస్కపోతది?"

ఆ సంగతి మాకెవరికీ తెలియదు. అలాంటి మాట మనిషి నోట వస్తుందని కూడా నేనెన్నడూ అనుకోలేదు.

మా వెనకే మెట్లు దిగివచ్చి అంతా విన్న నర్సింగమ్మ ఏడవలేదు. కాటమయ్య వైపు కాదు, వకీలుగారి వైపే చూసింది.

"నాకు ముగ్గురు పిల్లలున్నరు సారూ. ఆళ్ల తల మీద చెయ్యి పెట్టి నిజం చెప్పెడిదాన్ని. గా ఒట్టు నన్నెందుకు అడగలే?"