గొర్రె తిరిగితే తిట్టని మా చిన్నాయన

నిన్న అక్కడే ఆపేశాను, ఒంగోలు నుంచి నాయన ఫోను చేసిన దగ్గర. "చిన్నాయన పోయినాడమ్మా. అవ్వకి నువ్వే నిమ్మళంగా చెప్పు" అన్నాడు. నేను నోరు తెరవక ముందే నా మొహం చూసి అవ్వ కూలబడిపోయింది. ఆ తర్వాత కలం కదల్లేదు. ఇవాళ ఆయన్ని ఎరగని మీకోసం రాస్తున్నాను.

ఆయన మా నాయనకి తమ్ముడు. అర్ధవీడు దగ్గర మా ఊళ్లో మా గొర్రెలూ మేకలూ అన్నీ ఆయనే చూసేవాడు. ఏ గొర్రె ఎవరి బిడ్డో, దాని తల్లి ఏ వానలో ఈనిందో అడిగితే చెప్పేవాడు. నేను మార్కాపురంలో ఇంగ్లీషు మీడియం హాస్టల్లో చదువుతాను. సెలవులకి వస్తే బస్సు దిగే చోట ఆయనే నిలబడి ఉండేవాడు.

"ఏంది మేడమ్, మన మాట ఉందా, మర్చిపోయినావా?"

"ఉంది చిన్నాయనా."

"అట్లయితే ఆ గొర్రెని పిలువు సూద్దాం."

నేను పిలిస్తే ఒక్కటీ తలెత్తేది కాదు. ఆయన నాలుకతో చిన్న చప్పుడు చేస్తే మంద మొత్తం ఇటు తిరిగేది. "సూసినావా, వీటికి ఇంగిలీషు రాదు" అని నవ్వేవాడు.

టీలో చిన్నమ్మ చూడకుండా ఇంకో చెంచా చక్కెర వేసుకునేవాడు. చిన్నమ్మ చూసేది. చూడనట్టు ఉండేది.

నా చిన్నప్పుడు ఒకసారి మా మందలో ఒక గొర్రె తల వాల్చి ఒక పక్కకే గుండ్రంగా తిరుగుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. "నవ్వగాకమ్మా. దాని తలలో నీటిబుడగ పెరిగింటాది. అది కావాలని తిరగట్లే. గొర్రె తిరిగితే తిట్టగూడదు, తలలో ఏముందో సూపియ్యాల" అన్నాడు. దాన్ని భుజాన వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి నడిచాడు.

పోయిన ఎండాకాలం మేకలకి మేతగా మండలు కొట్టడానికి వేపచెట్టు ఎక్కి, కొమ్మ విరిగి పడ్డాడు. కాసేపు మమ్మల్ని గుర్తుపట్టలేదు. వాంతి చేసుకున్నాడు. తర్వాత లేచి దుమ్ము దులుపుకున్నాడు. అవ్వ ఆయన తలంతా తడిమి, "నెత్తురు రాలే. బతికిపోయినాడు నా కొడుకు" అంది. మా ఇళ్లలో దెబ్బంటే నెత్తురు. నెత్తురు లేకపోతే పసుపు కూడా పెట్టరు.

కొన్ని వారాలు బాగానే ఉన్నాడు. తర్వాత పొద్దున లేస్తూనే తలనొప్పి అనేవాడు. చేతిలోంచి టీ గ్లాసు జారేది. కాలు ఈడ్చేవాడు. పగలే నిద్రపోయేవాడు. ఎన్నడూ కసరని మనిషి చిన్నమ్మ మీద కంచం విసిరాడు. ఒక సాయంత్రం పక్కవాళ్ల గొర్రెల్ని మనవే అని తోలుకొచ్చాడు. అది చూసి ఊరంతా ఒకటే మాట అంది: మిట్టమధ్యాహ్నం చెట్టు మీద ఉన్నాడు కదా, గాలి సోకింది, అదే కిందికి తోసింది.

నాయన పెద్దాసుపత్రి అంటే అవ్వ ఒప్పుకోలేదు. "పెద్ద డాక్టరంటే హైదరాబాదు పోవాల. అది ఇప్పుడు వేరే రాష్ట్రమైపాయె, ఆడ మనల్ని ఎవురు సూస్తారు?" అంది. మంత్రించే ఆయన దగ్గరికి తీసుకెళ్లారు. తాయెత్తు కట్టారు, నిమ్మకాయలు కోశారు. చివరికి మూర్ఛ వచ్చినప్పుడు ఒంగోలుకి పరుగెత్తారు. తల లోపల నెత్తురు కొంచెం కొంచెంగా ఊరి మెదడుని నొక్కేసిందని, ముందే తెచ్చి ఉంటే తీసేసేవాళ్లమని అక్కడి డాక్టరు చెప్పాడట.

గొర్రె ఒరిగితే తలలో ఏముందో చూపించే ఇల్లు మాది. మనిషి ఒరిగితే గాలి అన్నాం.

బడిలో మెదడు బొమ్మ గీసి, భాగాల పేర్లన్నీ ఇంగ్లీషులో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆయన కాలు ఈడుస్తుంటే నాకూ ఏమీ తోచలేదు.

ఇప్పుడు నా భయం చిన్నమ్మ గురించి. ఆయన పోయిన దగ్గర్నుంచి ఆమె తినదు, నిద్రపోదు. నిన్న గోడ వైపు చూస్తూ, "మీ చిన్నాయన పిలుస్తాండాడు, నేనూ పోతా" అంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఇవాళ ఆ మాట అవ్వకి చెప్పాను.

"వాణ్ని పట్టిందే దీన్నీ పట్టింది. రేపు ఆ మంత్రించే ఆయన కాడికే తీసకపోదాం" అంది అవ్వ.

"మార్కాపురంలో డాక్టరుకి సూపిద్దామా?" నాయన గొంతు చాలా చిన్నగా వచ్చింది.

"పిచ్చి డాక్టరు కాడికా? ఊరికి తెలిస్తే నీ బిడ్డని ఎవురు చేసుకుంటారు?"

నాయన నా వైపు చూసి బయటికి వెళ్లిపోయాడు. నేనూ డాక్టరు మాట ఎత్తకుండా గదిలోకొచ్చి గడియ పెట్టుకున్నాను. చిన్నాయన ఉంటే తన భార్యని కూడా భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి నడిచేవాడు. అవ్వ అరుస్తుంటే వెనక్కి చూసేవాడు కాదు.

ఎవరో తలుపు కొడుతున్నారు.

"అమ్మాయ్, ఆటో మాట్లాడినా. పొద్దున్నే పోవాల. చిన్నమ్మకి తోడు నువ్వు రావాల."

నాయన.

"యాడికి నాయనా?" లోపల్నుంచే అడిగాను.

వెళ్లిపోయిన అడుగుల చప్పుడు వినపడలేదు. తలుపు కింది సందులోంచి ఆయన పాదాలు కనిపిస్తున్నాయి, అక్కడే, కదలకుండా. డాక్టరు మాట ఈసారి నేను అంటానని నిలబడ్డాడేమో.

కాగితాలు పరుపు కింద పెట్టి గడియ తీస్తాను.