రాఘవులు ఆగ్నేయంలో పెట్టిన పొయ్యి

మా ఎదురింటి రాఘవులు ఇరవై రెండేళ్లుగా కార్ల పొగ పరీక్షించే ఉద్యోగం చేస్తున్నాడు. ఏ ఇంజన్ ఎంత విషం కక్కుతుందో దశాంశాలతో సహా చెప్పగలడు. అమెరికాలోని ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా చుట్టుపక్కల తెలుగువాళ్లలో ఎవరి కారు దగ్గినా ముందు అతన్నే పిలుస్తారు. అతను మాత్రం ఎవరినీ పిలవడు. కొళాయి కారినా, కప్పు కారినా రెండు వీడియోలు చూసి తనే దిగిపోతాడు. తర్వాత ఇంకెవరో వచ్చి సరిచేసి పోతారు. ఆ సంగతి మాత్రం ఎత్తకూడదు.

కిందటి చలికాలం ఆఫీసు స్నేహితుడి ఇంట్లో పెల్లెట్ స్టవ్ చూశాడు. చెక్కపొట్టును నొక్కి చేసిన గుళికలు వాటంతటవే జారి మండుతుంటాయి. పొగ గోడలోంచి పైపు గుండా బయటికి పోతుంది. ఇంటికొచ్చినప్పటి నుంచి రాఘవులుది ఒకటే పాట. "మంట కనపడని వేడి ఒక వేడేనా, పిన్నిగారూ?"

స్టవ్ పెట్టె వాళ్లింట్లో దిగిన రోజు నేను చూడటానికి వెళ్లాను. పిలిస్తేనే వెళ్లాలంటే ఈ దేశంలో ఎవరి గడపా తొక్కలేం. అప్పటికే అతను ఫోన్‌లో వాస్తు సిద్ధాంతిగారికి హాలంతా తిప్పి చూపిస్తున్నాడు. అగ్ని ఆగ్నేయంలోనే ఉండాలన్నారు సిద్ధాంతిగారు. హాలుకి ఆగ్నేయ మూల ఎక్కడుందో నాకూ తెలుసు. ఆ మూలని ఆనుకునే అతని కూతురు నిధి గది ఉంది. పైపు అక్కడ బయటి గోడలోంచి వస్తే, ఆ పిల్ల కిటికీ పక్కకే వస్తుంది.

అతని భార్య రజిని మాన్యువల్ పట్టుకుని నిలబడింది. "ఏవండీ, తెరిచే కిటికీకీ పైపుకీ పక్కనుంచి నాలుగడుగులు ఉండాలట. మనకి ఒకటిన్నరే వస్తోంది."

"లాయర్లకి భయపడి రాసుకుంటారే అవన్నీ. నాలుగు అని రాస్తే రెండు చాలని అర్థం."

"రెండు కూడా లేదు కదండీ!"

"ఒకటిన్నరకి రెండుకి ఎంత దూరమే? అయినా చలికాలంలో కిటికీ ఎవరు తెరుస్తారు?"

బజార్లో వంకాయలు బేరమాడినట్టు పొగతో బేరమాడుతున్నాడు. ఆఫీసులో ఎవరైనా కారు పొగని ఇలా సర్దుకుపొమ్మంటే వాళ్లని బతకనిచ్చేవాడు కాదు. "సిటీ వాళ్లు పంపే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడా, నాయనా?" అనడిగాను.

"మంగళవారం వస్తాడు. ముహూర్తం మాత్రం శనివారం పదీ నలభైకి కుదిరింది పిన్నిగారూ. ముందు ముహూర్తం కానిద్దాం."

అంటే, సర్కారు చూడకముందే దేవుడు చూసేస్తాడన్నమాట. రజిని నావైపు చూసింది. నేను పైపు వైపు చూశాను. పదహారేళ్ల పిల్ల ఆ గోడ అవతలే పడుకుంటుంది.

శనివారంలోపు రాఘవులు వీడియోలు చూసి పైపు తనే బిగించేశాడు. ఆ రోజు పది కుటుంబాలు వచ్చాయి. స్టవ్‌కి పసుపూ కుంకుమా పెట్టారు, హారతిచ్చారు. పదీ నలభైకి రాఘవులు బటన్ నొక్కాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కాసేపటికి హాలు వేడెక్కిపోయి మగవాళ్లు స్వెటర్లు విప్పారు. రాఘవులు చేతులు వెనక్కి కట్టుకుని, మంట తనే కనిపెట్టినట్టు నిలబడ్డాడు.

పన్నెండున్నరకి పులిహోర వడ్డిస్తుంటే నిధి కనిపించలేదు. ఈ పిల్ల పులిహోర వదలదు. అందుకని గదిలోకి వెళ్లాను. గది వేడెక్కిందని కిటికీ బెత్తెడు తెరిచి, మంచం మీద ముడుచుకుని పడుకుంది.

"బామ్మా, హెడేక్ చాలా ఉంది. వామిట్ వస్తది."

గదిలో కట్టెల పొయ్యి వాసన. కిటికీలోంచి తల పెట్టి చూస్తే, పైపు నోరు నా చెవి దగ్గరే బుస్సుమంటోంది. కిటికీ మూశాను. పిల్లని లేపి నిలబెడుతూ గట్టిగా అరిచాను. "రాఘవులూ! ఇలా రా!"

వచ్చాడు. పిల్ల మొహం చూశాడు, కిటికీ చూశాడు. తర్వాత గది బయట నడవాలో కప్పుకి ఉన్న అలారం వైపు తలెత్తాడు. పొగకీ విషవాయువుకీ రెంటికీ కూసేదది. దాని మీద హోటల్లో ఇచ్చే షవర్ క్యాప్ తొడిగి ఉంది. తాళింపు వేసిన ప్రతిసారీ కూస్తుందని మనవాళ్లందరూ చేసే పనే అది. మా ఇంట్లోనూ ఉంది, నేను తొడిగిందే.

అతను స్టూలెక్కి ఆ క్యాప్ పీకేశాడు. మరుక్షణం అలారం ఇల్లంతా చీల్చేలా కూసింది.

ఇరవై రెండేళ్ల అనుభవమంతా ఆ ఒక్క కూతతో అతని మొహం మీదికొచ్చింది. "బయటికి! అందరూ బయటికి! చెప్పులు వద్దు, కోట్లు వద్దు!" నిధిని రెండు చేతులతో ఎత్తుకుని మంచులోకి పరుగెత్తాడు. రజిని 911కి ఫోన్ చేసింది. పట్టుచీరలూ పులిహోర ప్లేట్లూ అన్నీ మా గరాజ్‌లోకి చేరాయి. ఒకాయన సాంబారు గరిటె కూడా పట్టుకొచ్చాడు.

ఫైరింజన్ వచ్చింది. వాళ్లు మీటర్లతో లోపలికెళ్లి, స్టవ్ ఆపి, కిటికీలన్నీ తెరిచారు. వాళ్ల పెద్దాయన బయటికొచ్చి, ఎవరు బిగించారని ఇంగ్లీషులో అడిగాడు. రాఘవులుకి చెప్పుకోవడానికి బోలెడున్నాయి: సిద్ధాంతిగారు, వీడియోలు, మాన్యువల్ రాసిన లాయర్లు. ఒక్కటీ ఎత్తలేదు.

"నేనే," అన్నాడు. "మాన్యువల్ తప్పు చెప్పలేదు. నేను వినలేదు."

అంబులెన్స్‌లో నిధికి ఆక్సిజన్ మాస్కు పెట్టి, రక్తంలో విషవాయువు ఎంతుందో చూపే మీటరు వేలికి తగిలించారు. రాఘవులు వట్టి కాళ్లతో పక్కన కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. అక్కణ్ణుంచి కదలమని ఎవరూ అనలేదు, అన్నా కదిలేదాన్ని కాదు.

"నంబర్ ఎంత?" అనడిగాడు రాఘవులు.

నర్సు లాంటి అమ్మాయి చెప్పింది. తగ్గుతోందంది.

రెండు నిమిషాలు కాలేదు. "ఇప్పుడెంత?"

మళ్లీ చెప్పింది.

"నాన్నా, ఐ యామ్ ఫైన్," అంది నిధి మాస్కులోంచి. "స్టాప్ ఆస్కింగ్."

కాసేపటికి ఆ అమ్మాయి నవ్వి, దాదాపు మామూలుకొచ్చేసింది, ఇక కంగారు లేదు, మీరు దిగి చెప్పులేసుకోండి అంది.

"దాదాపు వద్దమ్మా," అన్నాడు రాఘవులు, కూతురి చెయ్యి వదలకుండా. "పూర్తిగా వచ్చాక చెప్పు. అప్పటిదాకా నేను దిగను."